కిరీటి వాళ్ళమ్మ

బుద్ధిమంతులైన పిల్లలంటే మా ఎదురింటి నాగమల్లేశ్వరి అక్కయ్యకు అస్సలు గిట్టేది కాదు. నిజం పిల్లల సంగతి కాదు నేను చెప్పేది, కథల్లో పిల్లల సంగతి. "పొద్దున్నే లేచి పళ్ళు తోముకుని, అమ్మానాన్నల కాళ్ళకు దణ్ణం పెట్టి బడికిపోయే పిల్లోణ్ణి నువ్వెక్కడన్నా చూశావా ఉమా? నేనైతే చూళ్ళా. కనపడితే డాక్టరుకి చూపిద్దాం," అనేది. వినేవాళ్ళకు నవ్వొచ్చేది గానీ ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో మావి ఎదురెదురు గుమ్మాలు. ఆవిడ భర్త త్యాగరాజుగారు, మావారు ఇద్దరూ సెక్షన్ ఆఫీసర్లు. పొద్దున్నే ఒకే చార్టర్డ్ బస్సెక్కి ఆఫీసులకు పోయేవారు. మాది ఏలూరు, వాళ్ళది రేపల్లె. పాతికేళ్ళు ఢిల్లీలో కాపురం చేసినా అక్కయ్య నోటినుంచి రేపల్లె పోలేదు. కూరల బండతనితో "ఏంది భయ్యా ఈ అన్యాయం" అని మొదలుపెట్టి, మధ్యలో రెండు హిందీ ముక్కలు దొర్లించి, చివరికి తెలుగులోనే బేరం గెలిచి వచ్చేది. మనిషి పొడుగు, గొంతు గట్టి, కోపం ముక్కు మీదే ఉండేది. ఉన్న ఒక్క కొడుకూ పూణేకి చదువుకు వెళ్ళిపోయాక ఆ గొంతుకు ఇల్లు చాల్లేదు. అందుకని ఆదివారం బడికి వచ్చి పడింది.

ఆదివారం బడి అంటే మా సెక్టారు కమ్యూనిటీ హాల్లో తెలుగువాళ్ళం నడుపుకునే బడి. సెలవులకు ఊరెళ్ళినప్పుడు తాతయ్యతో నాలుగు ముక్కలు మాట్లాడితే చాలని తల్లిదండ్రులు పిల్లల్ని పంపేవారు. అక్షరాలు దిద్దించడం నా పని, ఆఖరి అరగంట కథ చెప్పడం అక్కయ్య పని. చలికాలం హాల్లో కూర్చుంటే కాళ్ళు కొంకర్లు పోయేవి కాబట్టి వెనక గడ్డిలో, ఎండలో జంపఖానా పరిచేవాళ్ళం. ఆవిడ సంచీడు మటర్ కాయలు, అదే పచ్చి బఠానీలు, తెచ్చి పిల్లల మధ్య కుమ్మరించేది. వాళ్ళు వలుస్తూ, వలిచినవి సగం నోట్లో వేసుకుంటూ కథ వినేవారు. నా క్లాసులో పిల్లల్ని ఒక్కచోట కూర్చోబెట్టడానికి నా తల ప్రాణం తోకకొచ్చేది. అక్కయ్య నోరు తెరిస్తే మాత్రం ఒక్కడు కదిలేవాడు కాదు. నాకు కొంచెం కుళ్ళుగా ఉండేది, దాచుకోవడం దేనికి.

ఆవిడ కథలన్నీ కిరీటివే. పేరు చూసి రాజకుమారుడనుకునేరు. మా పిల్లల్లాగే క్వార్టర్లో ఉండే తొమ్మిదేళ్ళ కుర్రాడు. పక్కింట్లో పుట్టిన పాపను అందరూ ఎత్తుకుని ముద్దు చేస్తుంటే ఓర్వలేక, ఎవరూ చూడకుండా తొడ గిల్లాడు. లెక్కల పరీక్షలో పక్కవాడిది చూసి రాసి, వాడే నాది చూసి రాశాడని టీచరుకు చెప్పాడు. కిరీటి వాళ్ళ తాతయ్యకు మతిమరుపు ముదిరి, ఒకరోజు కిరీటినే పట్టుకుని "నువ్వెవరబ్బాయివి?" అని అడిగాడు. కథ సరిగ్గా అక్కడ ఆపేసేది. నీతీ లేదు, శుభమూ లేదు. ఇప్పుడు కిరీటి ఏం చెయ్యాలో మీరే చెప్పండ్రా అని పిల్లల మీదికి వదిలేసేది. "ఫిర్ క్యా హువా ఆంటీ", తర్వాత ఏమైంది అంటూ వాళ్ళు ఆవిడ కొంగు పట్టుకుని వేలాడేవారు. వాళ్ళు చెప్పిన దాంట్లోంచే పై వారం కథ పుట్టేది.

2006లో, దసరా వెళ్ళాక, అక్షర వచ్చి చేరింది. పదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న సుధీంద్రది కర్నూలు, గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ధౌలా కువాన్ వైపంతా హైవే తవ్వకాలతో దుమ్ము కొట్టుకుపోతున్నా ఆ అబ్బాయి ప్రతి ఆదివారం కూతుర్ని తెల్లకార్లో తెచ్చి దింపి, బడి అయ్యేదాకా కార్లోనే కూర్చునేవాడు. పిల్ల రెండు జడల్లో ఒకటి చెవి పైనుంచి, ఒకటి చెవి కిందనుంచి వేలాడేవి. అవి తండ్రి వేసిన జడలని చూడగానే తెలిసిపోయేది. తెలుగులో ఏమడిగినా నవ్వేది, లేకపోతే హిందీలో ఒక్క మాట చెప్పేది.

వాళ్ళమ్మ సింగపూర్లో ప్రాజెక్టు మీద ఉందని, అక్కడ పని ఎక్కువ కాబట్టి ఫోన్లు కుదరవని పిల్లతో చెప్పారు. సంగతేమిటంటే ఆ వేసవిలోనే భార్యాభర్తలు విడిపోయారు. ఆమె హైదరాబాదులో ఉద్యోగం చూసుకుంది, కోర్టులో కేసు నడుస్తోంది. ఈ విషయం మా పెద్దవాళ్ళందరికీ తెలుసు. పాపం చిన్నపిల్ల, దాని మనసు కష్టపెట్టడమెందుకని మేమందరం సింగపూర్ మాటే నిలబెట్టేవాళ్ళం.

ఇక్కడొక మాట చెప్పాలి. ఢిల్లీలో పిల్లల్ని పెంచే తెలుగువాళ్ళందరికీ ఒక గొప్ప నమ్మకం ఉంది. పిల్లలు బదులు హిందీలో చెప్తారు కాబట్టి వాళ్ళకు తెలుగు అర్థం కాదని. అందుకని పిల్లల ముందు అనకూడనివన్నీ తెలుగులో నిక్షేపంగా అనుకుంటారు. అత్తగారి మీద చాడీలు, ఆడపడుచు కాపురం, డాక్టరు చెప్పిన రిపోర్టు, అన్నీ. మళ్ళీ ఆదివారం పొద్దున్న ఆ పిల్లల్నే తెచ్చి, వీడికి తెలుగు బొత్తిగా రాదు, కాస్త నేర్పండి అని మా ముందు కూర్చోబెడతారు. మా తెలివికి ఏం పేరు పెట్టాలో నాకిప్పటికీ తెలియదు. అక్షర జంపఖానా మీద కూర్చుని కాయలు వలుస్తుంటే, దాని నెత్తిమీదే నిలబడి లక్ష్మీకుమారి అనే ఆవిడ తల్లి వదిలేసిపోయిన సంగతంతా నాతో చెప్పుకుపోయింది. నేను మోచేత్తో పొడిచాను. దానికేం అర్థమవుతుందండీ, గుర్‌గావ్ పిల్ల, అని కొట్టిపారేసింది. పిల్ల తలెత్తలేదు, కాయలు వలుస్తూనే ఉంది.

అక్కయ్య మొదటి ఆదివారమే అక్షరను తన ముందు కూర్చోబెట్టుకుని ఆ జడలు విప్పింది. కథ చెబుతూ దువ్వి, నున్నగా రెండు జడలు అల్లింది. ఆ తర్వాత ప్రతివారం అదే అలవాటైపోయింది. పిల్ల జడలు ఎలా ఉన్నా సరే, విప్పి మళ్ళీ వేసేది. పిల్ల వీపు ఆవిడ వైపు. ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా ఇద్దరూ ఆ అరగంట హాయిగా ఉండేవారు.

ఇంతలో తాతయ్య కథ రచ్చయింది. లక్ష్మీకుమారి కొడుకు చైతు ఇంటికెళ్ళి, మన తాతయ్య కూడా నన్ను మర్చిపోతాడా అని అడిగి అన్నం తినలేదట. ఆవిడ అగ్గిమీద గుగ్గిలమైంది. పిల్లలకు ఏడుపు కథలేమిటి, బయట ఎటూ ఏడుపులే కదా, కథల్లోనైనా నవ్వనివ్వకపోతే ఎలా అంది. పిల్లాడికి భయం నా కథవల్ల రాలేదు, నిజంగానే వాళ్ళ తాతకు మతి పోతోంది, ఇంట్లో అందరూ గుసగుసలాడుతున్నారు గానీ వాడితో ఒక్కరూ చెప్పలేదు అని అక్కయ్య. బడి కార్యదర్శి సదాశివరావుగారు అండర్ సెక్రటరీ. ఇంట్లో రెండో కాఫీ కావాలన్నా ఫైలు మీద నోటు పెట్టినట్టే అడుగుతారని మేము నవ్వుకునేవాళ్ళం. ఆయన ఉభయపక్షాల వాదనా పరిశీలించి, బాలల మనోవికాసం దృష్ట్యా ఆహ్లాదకరమైన నీతికథలు మాత్రమే చెప్పడం సమంజసమని తేల్చారు.

అక్కయ్య పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడలేదు. రెండు ఆదివారాలు సింహం, కుందేలు చెప్పింది. సింహం బావిలో దూకేవేళకు చైతు గడ్డి పీకుతున్నాడు, ఇద్దరు నిద్రపోయారు. కిరీటి ఎక్కడికెళ్ళాడని ఒకళ్ళిద్దరు అడిగితే సెలవులకు వెళ్ళాడంది. ఆవిడ గొంతు అంత చప్పగా నేనెప్పుడూ వినలేదు.

రెండో ఆదివారం, కుందేలు గెలిచాక, పిల్లలంతా లేచిపోతుంటే అక్షర మాత్రం జడ అక్కయ్య చేతుల్లో ఉండగానే, వెనక్కి తిరక్కుండా, నెమ్మదిగా అడిగింది.

"ఆంటీ, కిరీటి కీ మమ్మీ కహాఁ హై?"

కిరీటి వాళ్ళమ్మ ఎక్కడుంది అని. అప్పుడు నాకూ తట్టింది. కిరీటికి నాన్న ఉన్నాడు, తాతయ్య ఉన్నాడు, స్కూలు టీచరు ఉంది, పక్కింటి పాప కూడా ఉంది. ఇన్ని నెలల కథల్లో తల్లి ఒక్కసారీ గుమ్మంలోకి రాలేదు. మేమెవ్వరం గమనించనేలేదు. అక్కయ్య చేతులు ఆగిపోయాయి. కాసేపటికి జడ చివర రిబ్బను ముడివేసి, వచ్చే వారం చెప్తానమ్మా అంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ బాల్కనీలో కూర్చుని నేనే కదిపాను. ఏమిటక్కయ్యా అలా అయిపోయారు అని. ఎదురెదురు గుమ్మాల్లో అన్నేళ్ళున్నా ఆవిడ తల్లి మాట నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. చిన్నప్పుడే పోయిందేమో అనుకునేదాన్ని. పోలేదట. అక్కయ్యకు ఏడేళ్ళప్పుడు తల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోయిందట. ఎందుకో, ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. పెంచిన మేనత్త మాత్రం, అమ్మ గుంటూరు ఆస్పత్రికి వెళ్ళింది, నయమవగానే వస్తుంది అని చెప్పిందట. రేపల్లె రైలుకు ఆఖరి స్టేషను. అక్కడితో పట్టాలు అయిపోతాయి. రైల్లో ఉన్నవాళ్ళంతా దిగి తీరాల్సిందే. అందుకని ఈ ఏడేళ్ళ పిల్ల సాయంత్రం రైలు వేళకు స్టేషనుకు పోయి గేటు దగ్గర నిలబడేదట, ఆఖరి మనిషి దిగి వెళ్ళేదాకా. తను పెద్దమనిషి అయ్యాక మేనత్త బయటకు పంపడం మానేసేదాకా నిలబడిందట. దారిలో ఎదురైనవాళ్ళు ఎక్కడికే అని అడగడం కూడా మానేశారట, ఎందుకంటే ఊరందరికీ తెలుసు.

"పక్కింటి కాంపౌండరుగారింట్లో పిల్లల పుస్తకాలు వచ్చేయి," అంది. "అన్నీ చదివా ఉమా. వాటిల్లో తల్లులు మొదటి ముక్కలోనే చచ్చిపోయేవాళ్ళు. లేకపోతే సవతి తల్లులై వాతలు పెట్టేవాళ్ళు. ఊరికే వెళ్ళిపోయిన తల్లి ఒక్క కథలోనూ దొరకలా. అందుకని మా అమ్మ చేసింది ఈ లోకంలో ఎవరూ చెయ్యని పనేమో అనుకున్నా. నావల్లే పోయిందేమో అనుకున్నా."

కిరీటికి తల్లిని పెడదామని ఎన్నోసార్లు అనుకుందట. ప్రతిసారీ నోటిదాకా వచ్చి ఆగిపోయేదట. ఆవిడ కళ్ళలో నీళ్ళు నేను చూడకూడదని కింద పార్కులో పిల్లల్ని చూస్తున్నట్టు అటు తిరిగింది. ఇంత గట్టి మనిషి లోపల ఆ రైలుస్టేషను ఇంకా అలాగే ఉందని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

పై ఆదివారం సదాశివరావుగారు ఊళ్ళో లేరు. ఉన్నా ఆవిడ ఆగేది కాదనుకోండి. అక్షరను ముందు కూర్చోబెట్టుకుని, దువ్వెన చేతిలోకి తీసుకుని, కిరీటి సెలవుల నుంచి వచ్చేశాడంది. పిల్లలు హోరెత్తించారు. కిరీటి వాళ్ళమ్మ వాళ్ళింట్లో ఉండదు అని మొదలుపెట్టింది. వేరే ఊళ్ళో ఉంటుంది. ఆమె చెడ్డది కాదు. వాళ్ళ నాన్నా చెడ్డవాడు కాదు. ఇద్దరికీ కలిసి ఉండడం చేతకాలేదు, అంతే. కానీ కిరీటితో మాత్రం అందరూ, అమ్మ పని మీద వెళ్ళింది, ఇదుగో వచ్చేస్తుంది, అదుగో వచ్చేస్తుంది అని చెప్తున్నారు. కిరీటి రోజూ బాల్కనీలో నిలబడుతున్నాడు. గేటు దగ్గర ఆటో ఆగితే మెట్లన్నీ దిగి పరిగెడుతున్నాడు. వేరే ఎవరో దిగుతున్నారు. ఇప్పుడు కిరీటి ఏం చెయ్యాలి?

పోలీసుకు చెప్పాలన్నాడు చైతు. ఫోన్ చెయ్యాలంది ఇంకో పిల్ల. అందరూ ఒక్కసారిగా అరుస్తున్నారు. అప్పుడు అక్షర మాట్లాడింది. తెలుగులో.

"కిరీటి బాల్కనీకి వెళ్ళడు. కిరీటికి తెలుసు. సింగపూర్ లేదు, హైదరాబాద్. నాన్న ఫోన్లో నానమ్మతో చెప్తాడు, కిరీటి వింటాడు. కానీ అడగడు. అడిగితే నాన్న బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ట్యాప్ తిప్పి ఏడుస్తాడు."

అంత స్వచ్ఛంగా, ఒక్క తడబాటు లేకుండా. పక్కన లక్ష్మీకుమారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తను ఆ పిల్ల నెత్తిమీద నిలబడి ఏమేం మాట్లాడిందో అన్నీ గుర్తొచ్చి ఉంటాయి. అక్కయ్య ఒక్కతే చేస్తున్న పని ఆపలేదు. జడ అల్లుతూనే, అవునమ్మా, కిరీటికి తెలుసు, నేనే తప్పు చెప్పాను అంది.

ఇలాంటివి ఎక్కడాగుతాయి? సాయంత్రానికల్లా లక్ష్మీకుమారే సుధీంద్రకు ఫోన్ చేసి చెప్పింది. పై ఆదివారం ఆ అబ్బాయి ఒక్కడే వచ్చాడు. కారు తలుపు కూడా వెయ్యకుండా గడ్డిలోకి నడిచొచ్చి, అందరి ముందూ, మీ కథలకు మా ఇల్లే దొరికిందా ఆంటీ అని అడిగాడు. నా బిడ్డ ఇంకా ఏడుస్తోంది, మీకిప్పుడు తృప్తిగా ఉందా అన్నాడు. నోరున్న మనిషి, కూరల బండతన్ని గడగడలాడించే మనిషి, తలవంచుకుని విని ఊరుకుంది. ఇంక పిల్లను తీసుకురానని చెప్పి వెళ్ళిపోయాడు. సదాశివరావుగారు కథల కార్యక్రమాన్ని తదుపరి నిర్ణయం వరకు నిలిపివేశారు. అయితే అక్షరాలు కూడా మీరే దిద్దించుకోండి అని నేను ఆయన ముఖం మీదే అని వచ్చేశాను. రెండు వారాలు ఆయనే దిద్దించారు. తర్వాత ఇంటికొచ్చి బతిమాలారు, అది వేరే సంగతి.

కథ లేకపోయినా అక్కయ్య ప్రతి ఆదివారం వచ్చేది. మటర్ సంచీ తెచ్చి, జంపఖానా మీద ఒక్కతే కూర్చుని వలుచుకునేది. రోడ్డు మీద తెల్లకారు ఏది కనపడినా తల పైకెత్తేది. జేబురుమాలు, రిబ్బన్లు, చిన్న దువ్వెన కొంగులో ముడేసుకుని వచ్చేదని నాకు తెలుసు. కోపం తగ్గాక తీసుకొస్తాడులే అక్కయ్యా అని ఓదారిస్తే, నాకోసం కాదే అని కసిరింది. ఆ పిల్ల ఇన్నాళ్ళకు నోరు తెరిచింది, తెరిచిన నోటితో ఇప్పుడు ఎవరితో చెప్పుకుంటుంది, నేను తెరిపించి గాలికొదిలేశాను అని బాధపడింది. జనవరి అంతా పొగమంచు. ఎండ వచ్చిన ఆదివారాలు తక్కువ. వచ్చిన రోజు మాత్రం ఆవిడ అక్కడే ఉండేది. నాకు చూడలేక ప్రాణం ఉసూరుమనేది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, నేను అక్కయ్య వంటింట్లో టీ పెడుతుంటే బెల్లు మోగింది. తలుపు తీస్తే సుధీంద్ర. చేతిలో కూతురి చెయ్యి. మనిషి సగమయ్యాడు. అక్షర చూపు నన్ను దాటి లోపలికి పోయింది. అక్కయ్య కనపడగానే ఒక్క నవ్వు నవ్వి, మళ్ళీ తండ్రి వైపు చూసి ఆపుకుంది. మీతో మాట్లాడాలి ఆంటీ అన్నట్టు అతను కళ్ళతోనే అడిగాడు. నేను పిల్లను మా ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టి వచ్చాను.

సుధీంద్ర సోఫా అంచున కూర్చున్నాడు. ఆ రోజు అన్న మాటలకు ఏమీ అనుకోవద్దన్నాడు. అనుకోలేదు బాబూ అంది అక్కయ్య. అప్పుడు చెప్పాడు. పిల్ల ఇంట్లో మాట్లాడడం మానేసిందట. అన్నం పెడితే తింటుంది, స్కూలుకు పంపితే వెళ్తుంది, అమ్మ మాట మాత్రం ఎత్తదు. ఎప్పుడన్నా నోరు విప్పితే ఒక్కటే అడుగుతుందట, కిరీటి కథ ఏమైంది అని. తల్లి వారం వారం ఫోన్ చేస్తోందని కూడా తనే చెప్పాడు. పిల్ల కుదురుకునేదాకా వద్దని అతనే ఫోన్ ఇవ్వడం లేదట. తల్లి గొంతు వింటే ఎక్కడ ఆమె దగ్గరికే పోతానంటుందో అని భయం. నాకు ఆ కుర్రాడి మీద అప్పటిదాకా ఉన్న కోపం అక్కడితో సగం చచ్చిపోయింది.

"ఆ కథ మీరే పూర్తి చెయ్యండి ఆంటీ," అన్నాడు. "కిరీటి వాళ్ళమ్మ తిరిగొచ్చిందని చెప్పండి. మీరు చెప్తే నమ్ముతుంది. నేనెట్ల చెప్పేది?"

"వస్తదా?" అంది అక్కయ్య.

అతను నేల చూపులు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

నేను టీ గ్లాసులు అక్కడ పెట్టి పక్కకు నిలబడ్డాను. అక్కయ్య ఏమంటుందోనని నాకే భయమేసింది. చెప్తే ఒక్క మాట. పిల్ల మళ్ళీ నవ్వుతుంది, మళ్ళీ ఆదివారాలు వస్తుంది, మళ్ళీ ఆ జడలు ఈవిడ చేతికి వస్తాయి. ఆ పిల్ల కోసం ఈవిడ ఎంత అల్లాడిందో నాకు తెలుసు. పోనీలే, చెప్పెయ్యండి అక్కయ్యా అని నోటిదాకా వచ్చింది.

"నాకూ ఇట్లాగే చెప్పారు బాబూ, వస్తదని," అంది చివరికి. "నన్ను ఏడిపించకూడదనే చెప్పారు, పాపం మంచోళ్ళే. నేను పెద్దమనిషినయ్యేదాకా రోజూ రైలుకి ఎదురెళ్ళా. అమ్మ ఇంక రాదే అని ఒక్కరన్నా చెప్పి ఉంటే, ఒక నెల ఏడ్చి, స్టేషను మానేసి ఆడుకునేదాన్ని. నీ పిల్ల దగ్గర నేను ఆ కథ చెప్పలేను. నువ్వే చెప్పాలి, నిజమే చెప్పాలి."

ఆ అబ్బాయి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అక్కయ్య లేచి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. టీ చల్లారిపోయింది. కాసేపటికి అతనే, పిలవండి అన్నాడు.

అక్షరను తీసుకొచ్చాను. సుధీంద్ర సోఫా దిగి నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, కూతురి రెండు చేతులూ పట్టుకుని చెప్పాడు. అమ్మ హైదరాబాదులో ఉంది. మనింటికి తిరిగి రాదు. అది నీవల్ల కాదు. నిన్ను చూడాలని అడుగుతోంది. నేనే వద్దన్నాను. ఒక్కొక్క ముక్కకు ఆగి ఊపిరి పీల్చుకుంటూ చెప్పాడు. పిల్ల కదలకుండా విన్నది. వాళ్ళ నాన్న ఏడుస్తుంటే చేత్తో కళ్ళు తుడిచింది. తర్వాత, నాకు తెలుసు నాన్నా అంది. అమ్మతో మాట్లాడొచ్చా అని అడిగింది.

అతను సెల్లు తీసి నంబరు నొక్కి, అటువైపు హలో వినపడగానే తను ఒక్క మాటా మాట్లాడకుండా పిల్ల చేతికిచ్చాడు. అక్షర దాన్ని రెండు చేతులతో చెవికి పట్టుకుని, మా ఇద్దరి వంకా చూసి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సుధీంద్ర గదిలో ఉండలేక మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

ముందుగదిలో అక్కయ్య, నేను మిగిలాం. లోపలినుంచి పిల్ల గొంతు వినపడీ వినపడకుండా వస్తోంది. మొదట అంతా వెక్కిళ్ళు, తర్వాత మాటలు, గలగలా, ఆగకుండా. ఏమంటోందో తెలియడం లేదు. అక్కయ్య కుర్చీలో ముందుకు వంగి, ఆ మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చుంది. మనం వినకూడదనిపించి, పదండక్కయ్యా, కాసేపు మా ఇంట్లో కూర్చుందాం, దాన్ని మాట్లాడుకోనిద్దాం అని నేను లేచాను. ఆవిడ లేవలేదు.

"కాసేపు విననియ్యి ఉమా," అంది. "అమ్మతో ఏం మాట్లాడతారో నాకు తెలీదు."

నేను వెళ్ళి, చప్పుడు కాకుండా, ఆ తలుపు కొంచెం తీసి వచ్చాను.